ఇస్త్రీ చేతి నొప్పి

ఇరవై తొమ్మిదేళ్ళలో ఆ ఇంటి ఇస్త్రీబల్ల మీద ఒక్క బట్ట కాలింది లేదు. ఆ మాట ఆయన ఎన్నడూ చెప్పుకున్నవాడు కాదు. ఆవిడే వచ్చినవాళ్ళకీ పోయినవాళ్ళకీ చెప్పి మురిసిపోయేది. "మా ఆయన పెట్టె పట్టుకుంటే ముడత దానంతటదే పారిపోవాలి, బట్టకి మాత్రం వేడి తెలియకూడదు" అనేది. అలాంటిది ఆ మంగళవారం మధ్యాహ్నం, పన్నెండున్నర కావస్తుండగా, వంటింట్లో గిన్నెలు కడుగుతున్న ఆవిడ ముక్కుకి కమురువాసన తగిలింది. ముందు పొయ్యివైపు చూసింది. పొయ్యి ఎప్పుడో ఆర్పేసింది.

"ఏవండీ, ఏదో కాలుతున్నట్టుంది" అని అక్కడినుంచే కేకేసింది. జవాబు లేదు. తడిచేతులతోనే ముందుగదిలోకి పరిగెత్తింది.

ఆయన బల్లకి ఒరిగి నిలబడి ఉన్నాడు. ఇస్త్రీపెట్టె ఒక తెల్లకోటు భుజం మీద అలాగే కూర్చుని ఉంది. దాని కిందనుంచి సన్నగా పొగ లేస్తోంది. ఆయన దానివైపే చూస్తున్నాడు... చూస్తున్నాడు కానీ చేయి కదలడం లేదు! ఆవిడ ఒక్క ఉదుటున పెట్టె తీసి నిలబెట్టి, ప్లగ్గు లాగేసింది. కోటు భుజం మీద గోధుమరంగు మచ్చ, పెట్టె ముక్కు ఎలా ఉంటుందో అలాగే అచ్చు పడిపోయి ఉంది.

"డాక్టరమ్మ కోటు" అన్నాడాయన మెల్లగా. "కాల్చేశానే."

"కోటు సంగతి తర్వాత. ముందు మీకేమైంది?"

"చేయి లాగేస్తోంది. పెట్టె ఎత్తుదామంటే లేవలేదు."

చేయి అన్న మాట వినగానే ఆవిడకి పోయిన ప్రాణం లేచొచ్చినట్టయింది. ఉన్నమాట చెప్పుకోవాలి, ఆ క్షణంలో ఆవిడ హమ్మయ్య అనుకుంది... చేయే కదా అనుకుంది! ఆ హమ్మయ్యని తల్చుకుని తర్వాత ఎన్నిసార్లు కుమిలిపోయిందో లెక్కలేదు.

ఆ నొప్పి ఆ ఇంటికి కొత్తది కాదు మరి. ఆయనది ఎడమచేతి వాటం. ఆరు కిలోల పాతకాలం పెట్టెని పొద్దున ఎనిమిదినుంచి సాయంత్రం ఆరుదాకా ఎడమచేత్తోనే తోస్తాడు. అలాంటి చేయి నొప్పి పెట్టకపోతే ఆశ్చర్యపోవాలిగానీ, పెడితే ఆశ్చర్యమేముంది? ఎనిమిది నెలల కిందట మొదటిసారి ఆయన "చేయి లాగుతోందే" అన్నప్పుడే ఇంటిల్లిపాదీ దానికి ఇస్త్రీ చేతి నొప్పి అని పేరు పెట్టేశారు. పేరంటూ పెట్టాక ఇక ఆలోచించే పనేముంది... చెమట పడుతోందంటే, ఇస్త్రీగదిలో చెమట పట్టక చలేస్తుందా? ఆయాసమొస్తోందంటే, మూటతో మూడంతస్తులెక్కితే వయసులో ఉన్నవాడికైనా రాదా? అన్నిటికీ జవాబులు ఆ ఇంట్లోనే సిద్ధంగా ఉండేవి. యాభై నాలుగేళ్ళ మనిషిని ఒక్కసారి ఎవరికైనా చూపిద్దామని ఒక్కరికీ తట్టలేదు.

చూపించడానికి దూరం వెళ్ళాలా అంటే అదీ కాదు. ప్రతి మంగళవారం, శుక్రవారం ఆయన పెద్దాసుపత్రికి వెళ్ళేవాడు. వైద్యానికి కాదు, బట్టలివ్వడానికి. అక్కడి డాక్టర్ల తెల్లకోట్లన్నీ ఈ బల్లమీదే మడతపడేవి. వెనకగేటు నుంచి లోపలికెళ్ళి, మూట భుజానికెత్తుకుని మెట్లెక్కి, మూడో అంతస్తులో నర్సులకి అప్పగించి, మాసిన బట్టల మూటతో తిరిగొచ్చేవాడు. రాగానే స్టూలు మీద కూర్చుని ఎడమచేయి చాపేవాడు. ఆవిడ నూనె వెచ్చచేసి తెచ్చి, భుజం దగ్గర మొదలుపెట్టి వేళ్ళదాకా రుద్దేది. ఐదు నిమిషాలయ్యేసరికి ఆయన ముఖం తేటపడేది. "పోయిందే. నీ చేతిలో ఏదో మందుంది" అనేవాడు.

పక్కింటివాళ్ళ మెడలూ, ఆడపడుచు మోకాళ్ళూ కూడా ఆ చేతులకిందికొచ్చి బాగుపడ్డవే. పెద్ద చదువు లేదు, నలుగురిలో నోరు విప్పి మాట్లాడే తెలివి లేదు, వెనకేసుకొచ్చే పుట్టింటివాళ్ళు లేరు... నాకున్నవి ఈ రెండు చేతులేగా అని ఆవిడ లోలోపల పొంగిపోయేది. ఆ మాత్రం పొంగిపోవడం తప్పేమీ కాదు.

ఆ మంగళవారం కూడా ఆయన్ని స్టూలు మీద కూర్చోబెట్టి, నూనెగిన్నె తెచ్చుకుని మొదలుపెట్టింది. ఐదు నిమిషాలయింది. పది అయింది. ముఖం తేటపడలేదు సరికదా, పెదవుల రంగు మారుతోంది. మెడమీద చెమట చేత్తో తుడిచింది. ఎప్పుడూ వెచ్చగా ఉండే చెమట ఆవేళ చల్లగా తగిలింది.

"తగ్గిందా?"

"తగ్గుతుందిలే" అన్నాడాయన, కళ్ళు మూసుకుని.

నేనే సరిగ్గా రుద్దడం లేదేమో అనుకుంది ఆవిడ. ఇంకాస్త నూనె వేసుకుని, రెండు చేతులూ కలిపి, తన బలమంతా పెట్టి రుద్దింది. గోడగడియారం ఒంటిగంట కొట్టింది.

ఒంటిగంటకి కూతురు భోజనానికొస్తుంది. పక్కవీధి బళ్ళో పసిపిల్లలకి అక్షరాలు నేర్పుతుంది. గుమ్మంలో అడుగుపెడుతూనే వాగుడు మొదలుపెడుతుందని తండ్రి ఆ పిల్లని పిచ్చుక అంటాడు. ఆవేళ ఆ వాగుడు గుమ్మం దగ్గరే ఆగిపోయింది.

"నాన్నా, ఏమిటలా ఉన్నావు?"

"ఇస్త్రీ చేయేలేవే" అంది తల్లి తలెత్తకుండా. "కాస్త మొండికేసింది. నువ్వు వెళ్ళి భోంచెయ్."

కూతురు కదల్లేదు. తండ్రి ముందు మోకాళ్ళమీద కూర్చుని ఆయన ముఖంలోకి చూసింది. "నాన్నా, ఛాతీలో ఉందా?"

ఆయన భార్యవైపు చూశాడు. దొంగతనం బయటపడినవాడి చూపు అది.

"చెప్పు నాన్నా."

"బండ పెట్టినట్టుందమ్మా. దవడలోకి కూడా పాకుతోంది."

ఆవిడ చేతులు ఒక్కక్షణం ఆగిపోయాయి. "ఛాతీ అని నాకెప్పుడూ చెప్పలేదేమిటండీ?"

"అమ్మా, చేయి వదులు. ఆసుపత్రికి ఫోన్ చేస్తున్నాను."

"ఉండవే, ఇంకొక్క ఐదు నిమిషాలు గట్టిగా రుద్దితే..."

"వదులమ్మా" అని కూతురు తల్లి మణికట్టు పట్టుకుని లాగేసింది. ఇరవై నాలుగేళ్ళలో ఆ పిల్ల తల్లితో అలా ప్రవర్తించడం అదే మొదటిసారి.

ఫోన్‌లో అవతలివాళ్ళు అడిగినవాటికి కూతురు గబగబా జవాబులు చెప్పింది. ఆస్పిరిన్ ఆయనకి పడనిదేమీ కాదని తెలుసుకుని, ఒక మాత్ర నమిలించమన్నారు. నడిపించవద్దన్నారు. అంబులెన్సు వచ్చేదాకా ఆవిడ గోడకానుకుని నిలబడిపోయింది. నూనె కారుతున్న ఆ చేతుల్ని ఎక్కడ పెట్టుకోవాలో ఆవిడకి తెలియలేదు.

ఆసుపత్రి దగ్గరికి రాగానే మాత్రం నోరు తెరిచి, "వెనకగేటు నుంచి పోనివ్వండి బాబూ. మేమెప్పుడూ అటేగా వెళ్ళేది" అంది. అంబులెన్సు ముందుగేటులోంచే లోపలికెళ్ళింది.

ఆయన ఛాతీకి వైర్లు అంటించి కాగితం మీద గీతలు తీశారు. కళ్ళజోడు పెట్టుకున్న డాక్టరమ్మ ఆ కాగితాన్ని ఒక్కసారే చూసింది.

"గుండెపోటు. గుండెకి రక్తం తీసుకెళ్ళే నాళం మూసుకుపోయింది. వెంటనే తెరవాలి. నొప్పి ఎప్పుడు మొదలైంది?"

"పన్నెండున్నరకండీ" అంది ఆవిడ.

డాక్టరమ్మ గడియారం చూసింది. రెండింటికి పావుగంట తక్కువ. "అప్పటినుంచీ ఏం చేస్తున్నారు?"

"రుద్దుతున్నానండీ."

డాక్టరమ్మ ఏమీ అనలేదు. అంటే బాగుండేది... నాలుగు చీవాట్లు పెట్టినా బాగుండేది! సంతకం పెట్టించుకుని, ఆయన్ని పడుకోబెట్టిన బండి వెనకాలే గబగబా నడిచి వెళ్ళింది. అప్పుడు చూసింది ఆవిడ, డాక్టరమ్మ కోటు చేతిమీద భుజంనుంచి మణికట్టుదాకా ఒకే గీతగా దిగిన మడత. కోటుచేతికి అలాంటి మడత ఈ ఊళ్ళో ఇంకెవరూ వేయరు. పోయిన శుక్రవారం ఆయన వేసిన మడత అది. అప్పటిదాకా గడ్డకట్టుకుపోయిన ఏడుపు ఆ మడతని చూశాక కట్టలు తెంచుకుంది.

మూడో అంతస్తు వరండాలో బెంచీమీద తల్లీకూతుళ్ళు కూర్చున్నారు. పక్కన ఇంకో ఇల్లాలు చేతిసంచీ సర్దుకుంటోంది. ఆవిడ భర్తకీ పొద్దున ఛాతీలో నొప్పేనట. "పడుకుంటే కత్తితో పొడిచినట్టుంటుంది, ముందుకి వంగి కూర్చుంటే సుఖంగా ఉంటుందన్నారండీ. ఏమోనని హడలిపోయాం. గుండె పైపొరకి వాపొచ్చిందట. మాత్రలు వాడితే పోతుందన్నారు, ఇంటికి పంపేస్తున్నారు" అంది సంబరంగా. "మీవారికేమిటి?"

"చేయి నొప్పండీ" అంది ఈవిడ. ఎనిమిది నెలల అలవాటు, నోటినుంచి అదే వచ్చేసింది. కూతురు ముఖం తిప్పుకుంది.

అంతలో ఆడపడుచు వచ్చింది. తమ్ముడంటే ఆవిడకి పంచప్రాణాలు. తల్లిపోయాక తనే పెంచింది. మెట్లెక్కి వచ్చిన ఆయాసం తీరకముందే విషయమంతా మేనకోడలి నోట విని, మరదలి ఎదుట నిలబడింది.

"అరగంటపైన నూనె రాస్తూ కూర్చున్నావా? వాడు అక్కడ ప్రాణాలతో పెనుగులాడుతుంటే నీకు వైద్యం గుర్తొచ్చిందా? పెద్ద హస్తవాసి ఉన్నదానివని నలుగురూ అంటే నిజమనుకున్నావు."

"అత్తయ్యా, ఇప్పుడొద్దు" అంది కూతురు.

"ఎందుకొద్దు? నా తమ్ముడు లేచి తిరగకపోతే ఎవరినడగాలి?"

ఆడపడుచు అంటున్న ప్రతి మాటా ఆవిడ తనలో తను అప్పటికే పదిసార్లు అనుకున్నదే. వదిన ఇంకా తిడితే బాగుండునని కూడా అనిపించింది.

ఆ గొడవకి గదిలోంచి ఒక నర్సు బయటికొచ్చింది. ఆవిడ ముఖం చూసి ఆగింది. "మీరు బట్టలాయన ఇంటివాళ్ళా? లోపలున్నది ఆయనేనా?" అని అడిగి, అవునన్నాక బెంచీవైపు చేయి చూపింది. "ప్రతి మంగళవారం మూట దించి ఇదిగో, ఈ బెంచీమీదే కూర్చునేవాడమ్మా. ఛాతీమీద చేయి పెట్టుకుని. ఏమిటయ్యా అంటే, మీ మెట్లు చంపేస్తున్నాయి సిస్టర్ అని నవ్వేవాడు. నేనూ నవ్వేదాన్ని. రోజూ ఇదే నొప్పితో వచ్చేవాళ్ళని చూసే నేనే..." అని మాట మింగేసి లోపలికెళ్ళిపోయింది.

ఆవిడ తల తిప్పి చూసింది. బెంచీకి సరిగ్గా పైన, గోడమీద పెద్ద అక్షరాలతో ఒక బోర్డు ఉంది. నడిచినప్పుడు ఛాతీలో బరువుగా ఉండి, కూర్చుంటే తగ్గుతోందా? నొప్పి చేతికి, దవడకి పాకుతోందా? ఆలస్యం చేయకుండా ఇక్కడ చూపించుకోండి, అని ఉంది. ఎనిమిది నెలలు, వారానికి రెండుసార్లు, ఆయన ఆ బోర్డుకే తల ఆనించి, అదే నొప్పి తగ్గేదాకా కూర్చుని, లేచి ఇంటికొచ్చేవాడు! అది రోగుల కోసం రాసింది. బట్టలిచ్చేవాళ్ళు కూడా చదవాలని వాళ్ళకెవరు చెబుతారు...

నాలుగు కావస్తుండగా డాక్టరమ్మ బయటికొచ్చింది. "నాళం తెరిచాం. మళ్ళీ మూసుకోకుండా లోపల స్టెంటు పెట్టాం. ప్రాణానికి ఇప్పటికి ఫరవాలేదు" అంది. ముగ్గురూ ఒక్కసారి ఊపిరి పీల్చుకున్నారు. డాక్టరమ్మ మాత్రం అక్కడే నిలబడింది. "ఇంతకుముందు ఎప్పుడైనా ఈ నొప్పి వచ్చేదా?"

"వచ్చేదండీ" అంది ఆవిడ. "మూట మోసినప్పుడు, మెట్లెక్కినప్పుడు. ఎంత నొప్పొచ్చినా నేను రుద్దితే ఐదు నిమిషాల్లో పోయేది." ఆ స్థితిలో కూడా ఆ చివరిమాట దగ్గర ఆవిడ గొంతులో చిన్న గర్వం పలికింది.

"కూర్చోబెట్టి రుద్దేవారా?"

"అవునండీ."

"మీరు నొక్కినప్పుడు నొప్పి పెరిగేదా?"

"లేదండీ. ఎక్కడ నొక్కినా ఏమీ అనేవారు కాదు. నీ చేయి మెత్తన అనేవారు."

డాక్టరమ్మ బెంచీమీద ఆవిడ పక్కనే కూర్చుంది. "చూడండమ్మా, కండరం నొప్పైతే మీరు నొక్కిన చోట తెలియాలి. చేయి తిప్పితే పెరగాలి. ఇది అలాంటిది కాదు. గుండెకి రక్తం చాలక వచ్చే నొప్పి ఇది, ఆంజైనా అంటాం. పనిచేస్తే వస్తుంది, కూర్చుంటే పోతుంది. మీరు రుద్దినందుకు తగ్గలేదమ్మా. ఆయన కూర్చున్నందుకు తగ్గింది. కూర్చున్నా తగ్గని రోజు వచ్చిందంటే అది గుండెపోటన్నమాట."

ఆవిడ తన చేతులవైపు చూసుకుంది. నూనె ఆరిపోయి జిడ్డుగా ఉన్నాయి. తనకున్నవి ఈ రెండే అనుకుని మురిసిన చేతులు...

"ఎనిమిది నెలల కిందటే తీసుకొచ్చి ఉంటే?" అని అడిగింది.

"పరీక్ష చేసేవాళ్ళం. మందులిచ్చేవాళ్ళం, అవసరమైతే అప్పుడే నాళం తెరిచేవాళ్ళం."

"ఇప్పుడు?"

"గుండె కండరంలో కొంతభాగం దెబ్బతింది. చచ్చిపోయిన కండరం మళ్ళీ బతకదమ్మా. మిగిలినదాన్ని జాగ్రత్తగా కాపాడుకోవాలి. ఇక బరువులు ఎత్తనివ్వకండి." డాక్టరమ్మ లేవబోతూ, "వాళ్ళింట్లో ఇంకెవరికైనా చిన్నవయసులో గుండెజబ్బు ఉందా?" అని అడిగింది.

ఆడపడుచు గోడవైపు తిరిగి, "మా నాన్నకి" అంది. "ఏ జబ్బో మాకు తెలియదు. యాభై ఒకటో ఏట రొట్టెల బట్టీలో పిండి కలుపుతూ, చేయి లాగుతోందమ్మా అని ఇంటికొచ్చి పడుకున్నాడు. కాళ్ళు పట్టమన్నాడు. నేనే పట్టాను. నిద్రపోయాడనుకుని చాలాసేపు అలాగే పడుతూ కూర్చున్నాను." అంతకుమించి చెప్పలేక మరదలి పక్కన కూలబడి, ఆ జిడ్డుచేతుల్లోనే ముఖం దాచుకుని ఏడ్చింది. ఆవిడ వదిన తల నిమరబోయి ఆగిపోయింది. తన చేయి ఎవరికైనా ఊరటనిస్తుందన్న నమ్మకం అప్పటికే పోయింది.

వారం దాటాక ఆయన ఇంటికొచ్చాడు. చిక్కి సగమైపోయాడు. గదిలోంచి గుమ్మందాకా నడిస్తే మధ్యలో ఒకసారి ఆగేవాడు. డాక్టరమ్మ చెప్పినవన్నీ ఆవిడ వల్లెవేసింది. ఏ మాత్ర పొద్దున, ఏది రాత్రి, ఏది ఒక్కరోజు కూడా మానకూడదు... నొప్పి వస్తే కూర్చోబెట్టి, నాలిక కింద పెట్టే మాత్ర ఒకటి పెట్టాలి. ఐదు నిమిషాల్లో తగ్గకపోతే ఆలోచించకుండా అంబులెన్సు పిలవాలి. తగ్గినా సరే, ఆరోజే ఆసుపత్రికి కబురు చెప్పాలి. నూనెసీసా చెత్తలో పారేసింది. మాత్రలు కూడా ఆయన చేతిలో పెట్టేది కాదు, చిన్న మూతలో వేసి దగ్గరికి జరిపేది. నీళ్ళగ్లాసు బల్లమీద పెట్టి వెళ్ళిపోయేది. ఆయన్ని తాకడమే మానేసింది.

బట్టలు మాత్రం ఆగవు కదా. పెట్టె ఆవిడ పట్టింది, కుడిచేత్తో. కొత్తగా తేలికపాటి పెట్టె కొన్నారు. మూటలు కూతురు బడికి వెళ్తూ దించేది. ఆయన స్టూలు మీద కూర్చుని నోటితోనే ఇస్త్రీ చేసేవాడు. "కాలరు తిరగేసి ముందు వెనకవైపు... అదీ. నీళ్ళు చల్లకుండానే మొదలుపెట్టేస్తావేమే" అనేవాడు. ఆవిడ ఊ కొట్టేది. కాలిన కోటుని మడతపెట్టి బల్ల కిందే ఉంచుకుంది. డాక్టరమ్మ తన కోటే అయినా ఫరవాలేదు పారేయండంది, కానీ ఆవిడకి పారేయబుద్ధి కాలేదు.

నెల గడిచాక ఒక సాయంత్రం ఆయన ఎడమచేయి చాపాడు. "కాస్త పట్టవే. ఊరికే."

"నా చేతుల్లో ఏమీ లేదని డాక్టరమ్మ చెప్పిందిగా" అంది ఆవిడ, మడతపెట్టిన చొక్కాలనే మళ్ళీ మడతపెడుతూ.

"ఆ సంగతి నాకు ముందే తెలుసు."

ఆవిడ తిరిగి చూసింది.

"బెంచీమీద కూర్చున్నా తగ్గేది కదే. ఇంటికొచ్చేసరికి చాలాసార్లు నొప్పే ఉండేది కాదు. అయినా చేయి చాపేవాణ్ణి. పొద్దున లేచింది మొదలు ఒక్కచోట కూర్చోవు నువ్వు. ఆ పావుగంటే నా దగ్గర కూర్చునేదానివి. ఛాతీలో బరువని చెబితే పెట్టె పట్టనివ్వవు, ఆసుపత్రంటావు. పిల్ల పెళ్ళి, ఇల్లు... ఇంకొన్నాళ్ళు చూద్దాంలే అనుకున్నాను."

ఆయన ఏదో ఊరటగా ఉంటుందని చెప్పాడు. ఆవిడకి మాత్రం ఒళ్ళు మండిపోయింది.

"తెలిసి చెప్పలేదా? తగ్గిపోయిన నొప్పికి నన్ను ఎనిమిది నెలలు రుద్దనిచ్చారా? నీ చేతిలో మందుందంటే నిజమని నమ్మానే. ఆ నమ్మకంతోనేగా ఆవేళ వదల్లేదు. అందరూ నన్నన్నారు, నన్ను నేననుకున్నాను. మీరు మాత్రం నాలుగు మంచిమాటలు చెప్పి నా చేతులతోనే మిమ్మల్ని..." మాట పూర్తిచేయకుండానే వంటింట్లోకి వెళ్ళిపోయింది. ఆయన లేచి వెనకాలే వెళదామనుకున్నాడు. నాలుగడుగులకే ఆయాసమొచ్చి, గోడ పట్టుకుని నిలబడిపోయాడు.

రెండురోజులు ఆ ఇంట్లో మాత్రల వేళకి తప్ప మాటల్లేవు. పిచ్చుక కూడా గొంతు తగ్గించుకుని తిరిగింది.

మూడోరోజు శుక్రవారం. ఆవిడ ఒక కోటుచేతిమీద మడత తీస్తోంది. ఎన్నిసార్లు తీసినా మోచేతి దగ్గర గీత వంకరపోతోంది. చూసి చూసి ఆయన, "అలా కాదే, ఇలా తే" అని స్టూలుమీంచి లేచి రెండడుగులు వేశాడు. అక్కడే ఆగాడు. చేయి ఛాతీమీదికెళ్ళింది.

ఆవిడ ముందు పెట్టె నిలబెట్టింది. ప్లగ్గు తీసింది. "ఎక్కడ?"

ఈసారి ఆయన దాచలేదు. "ఛాతీలో. చేతిలోకొస్తోంది."

స్టూలు దగ్గరికి లాగి కూర్చోబెట్టింది. డబ్బా మూత తీసి, నాలిక కింద మాత్ర పెట్టింది. గోడగడియారం చూసింది. మూడూ పది. ఫోన్ తెచ్చి ఒళ్ళో పెట్టుకుని, ఆయన ఎదురుగా నేలమీద కూర్చుంది. అంతే... చేయవలసినవన్నీ అయిపోయాయి. ఒక్కటీ తప్పు చేయలేదు, ఒక్కక్షణం ఆలస్యం చేయలేదు. ఇక ముల్లు ఐదు నిమిషాలు తిరిగేదాకా మనిషి చేయగలిగింది ఏమీ లేదు! అన్నీ తెలిసిన ఈరోజు కూడా, ఏమీ తెలియని ఆరోజు లాగే, ఆయన ముఖంలోకి చూస్తూ కూర్చోవడమే మిగిలింది.

ఆయన ఎడమచేయి చాపాడు. ఆ చేయి అలా గాలిలో ఉండిపోయింది.

ఆవిడ అందుకుంది. నూనె లేదు, రుద్దడానికి బలం లేదు. ఊరికే రెండు చేతుల మధ్య పెట్టుకుంది. ఫోన్ ఒళ్ళోనే ఉంది. మూడూ పన్నెండు. నుదుటిమీద చెమట చూసింది. మూడూ పదమూడు. ఆయన కళ్ళు తెరిచి ఉన్నాయి, ఆవిడనే చూస్తున్నాయి.

మూడూ పద్నాలుగుకి ఆయన మెల్లగా ఊపిరి వదిలాడు. "తగ్గింది" అన్నాడు.

"నిజం చెప్పండి. నా కోసం చెప్పకండి."

"నిజమే. ఒట్టు. ఛాతీలో ఏమీ లేదు."

ఒక చేత్తోనే ఆసుపత్రికి ఫోన్ చేసి, ఎప్పుడొచ్చింది, ఏమిచ్చింది, ఎన్ని నిమిషాలకి తగ్గింది, ఒక్కొక్కటీ తడబడకుండా చెప్పింది. నెమ్మదిగా బండిలో తీసుకురండి, ఒకసారి చూస్తాం అన్నారు. కూతురికి కబురు చేసింది.

"దేనికి తగ్గిందంటావు?" అన్నాడాయన. "మాత్రకా, నీ చేతికా?"

"మాత్రకే" అంది ఆవిడ.

"అయితే వదిలెయ్ మరి."

ఆవిడ వదల్లేదు. కూతురు ఆటో తీసుకొచ్చి గుమ్మంలో నిలబడ్డా వదల్లేదు. ముందుగేటు దగ్గర దిగి, ఆయన అడుగుకో అడుగు వేసుకుంటూ లోపలికి వెళ్ళేదాకా ఆ చేయి పట్టుకునే ఉంది.